గుడ్డులో తల్లి మాటే ముందు

గోదావరి డెల్టాలో చేపల రైతు హేచరీకి, అంటే చేప పిల్లల్ని పుట్టించి అమ్మే చోటికి వెళ్తే, ముందు పిల్లను చూస్తాడు. చురుగ్గా ఈదుతోందా, సైజు ఒకేలా ఉందా, దారిలో ఎంత చస్తుంది? తల్లి చేపలు ఏ చెరువులో పెరిగాయి, ఏం తిన్నాయి అని అడిగేవాళ్లు తక్కువ. నన్నడిగితే మొదట అడగాల్సింది అదే.

శీలావతి, బొచ్చె చెరువులో ఎంత బాగా పెరిగినా, నిలవ నీటిలో మామూలుగా గుడ్లు పెట్టవు. 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త శీలావతి లాంటి చేపలకు, మెదడు కింద ఉండే పీయూష గ్రంథి సారం ఎక్కించి గుడ్లు పెట్టించారు. ఈ రోజు భీమవరం, ఆకివీడు వైపు చెరువుల్లోకి దిగే ఈ చేపల పిల్ల దాదాపు అంతా ఆ దారిలో వచ్చిందే. అయితే ఇంజెక్షన్ గుడ్డును బయటికి రప్పిస్తుందే కానీ, గుడ్డులో లేని సరుకును నింపలేదు. ఆ నింపే పని అంతకు ముందు నెలల్లోనే జరిగిపోతుంది. తల్లి కాలేయంలో విటెల్లోజెనిన్ అనే ప్రోటీన్ తయారై, రక్తంలో కలిసి అండాశయానికి చేరి పచ్చసొన అవుతుంది. దానితో పాటు కొవ్వులు, విటమిన్లు, థైరాయిడ్ హార్మోన్లు కూడా గుడ్డులోకి వస్తాయి.

ఇది తల్లి కట్టి ఇచ్చిన చద్దిమూట అనుకుంటే, అందులో తిండితో పాటు చెయ్యాల్సిన పనుల చీటీలు కూడా ఉంటాయి. అవే తల్లి ఆర్‌ఎన్‌ఏలు, అంటే ఆమె జన్యువుల ఆదేశాలకు నకళ్లు. శాస్త్రవేత్తలు వీటిని ఎక్కువగా జీబ్రా ఫిష్‌లో చూశారు. అది మన దేశపు నీళ్లలోని చిన్న చారల చేప, శీలావతికి చుట్టమే. 28 డిగ్రీల నీటిలో దాని గుడ్డు ముప్పావు గంటలో రెండు కణాలవుతుంది. ఆ తర్వాత పావుగంటకోసారి చీలుతూ, మూడు గంటలకు దాదాపు వెయ్యి కణాలకు చేరుతుంది. అప్పటిదాకా పిండం సొంత జన్యువులు దాదాపు మౌనంగానే ఉంటాయి. నడిపించేదంతా తల్లి పెట్టిన అణువులే. పిండం జన్యువులను నిద్రలేపే ప్రోటీన్లూ తల్లివే. లేచిన జన్యువులు మొదట్లో చేసే పనుల్లో ఒకటి, తల్లి ఆర్‌ఎన్‌ఏలను చెరిపెయ్యడం!

ఆ అణువుల్లో ఒక్కటి తగ్గినా ఏమవుతుందో 2018లో చైనా శాస్త్రవేత్తలు చూపించారు. హులువా అనే జన్యువు తల్లి జీబ్రా ఫిష్‌లో పనిచెయ్యకపోతే, ఆమె గుడ్లలోని పిండాలకు తల, వీపు భాగాలు ఏర్పడవు. తండ్రి నుంచి మంచి జన్యువు వచ్చినా లాభం లేదు. ఏది వీపు, ఏది పొట్ట అనే నిర్ణయానికి కావాల్సింది గుడ్డులో ముందే ఉండాలి.

నన్ను ఇంతకంటే ఆశ్చర్యపరిచిన ప్రయోగం ఇంకొకటి ఉంది. దాని ఫలితాలు 2005లో అచ్చయ్యాయి. గోల్డ్ ఫిష్ గుడ్డులోంచి జన్యువులుండే కేంద్రకం తీసేసి, అందులో బంగారు తీగ (కామన్ కార్ప్) కేంద్రకం పెట్టారు. పుట్టిన చేపల్లో జన్యువులు బంగారు తీగవి, రూపం కూడా చాలావరకు దానిదే. కానీ వెన్నుపూసలు లెక్కపెడితే 26 నుంచి 28 ఉన్నాయి. అది గోల్డ్ ఫిష్ లెక్క. బంగారు తీగకు 33 నుంచి 36 ఉంటాయి. జన్యువులు ఒక జాతివైనా, ఎముకల లెక్కను గుడ్డులోని కణద్రవ్యం, అంటే కేంద్రకం చుట్టూ ఉండే పదార్థం, తన పద్ధతిలో తేల్చేసింది. జన్యువే సర్వస్వం అనుకునేవాళ్లు ఈ చేపను ఒకసారి తలుచుకోవాలి.

తల్లి పడే ఒత్తిడి కూడా గుడ్డుదాకా వెళ్తుంది. కార్టిసాల్ అనే హార్మోన్ తల్లి రక్తంలో పెరిగితే గుడ్లలోనూ పెరగొచ్చు. ఇరుకు చెరువులో, ఆక్సిజన్ చాలని నీళ్లలో తల్లి చేపలను ఉంచి, చవకగా తవుడూ చెక్కా వేసి సరిపెట్టేవాళ్లు ఆ నష్టాన్ని పిల్ల మీదికి తోస్తున్నట్టే.

రోగాల సంగతికొస్తే, అప్పుడే గుడ్డులోంచి బయటపడ్డ పిల్లకు యాంటీబాడీలు సొంతంగా తయారుచేసుకునే శక్తి ఉండదు. మన శీలావతి మీదే ఈ పరీక్ష జరిగింది. పుండ్లు, ఎర్ర మచ్చలు తెచ్చే ఏరోమోనాస్ బ్యాక్టీరియాకు తల్లి చేపల్లో ముందే టీకాతో నిరోధకత పెంచితే, ఆ యాంటీబాడీలు గుడ్లలోనూ, వాటి నుంచి వచ్చిన పిల్లల్లోనూ కనిపించాయి. కొన్నాళ్లకు అవి తరిగిపోతాయి. ఈలోగా పిల్ల తన యాంటీబాడీలు తాను చేసుకోవడం నేర్చుకుంటుంది.