2038 గండం: ఓపెన్‌బీఎస్‌డీది ఒక దారి, లినక్స్‌ది ఇంకో దారి

2038 జనవరి 19 ఉదయం మన గడియారంలో 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు కంప్యూటర్లు సమయాన్ని సెకన్లలో దాచుకునే 32 బిట్ల టైమ్-టీ (time_t) నిండిపోతుంది. 1970 జనవరి 1 నుంచి లెక్కపెడుతున్న సెకన్లు 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 దాటగానే అంకె మైనస్‌లోకి తిరిగి, తేదీ 1901 డిసెంబరుకు వెళ్తుంది. బెంగళూరులో వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ ఆఫీసుల్లో 32 బిట్ల ఆర్మ్ చిప్ బోర్డులకు ఫర్మ్‌వేర్ (పరికరంలోనే ఉండే సాఫ్ట్‌వేర్) రాసే మనవాళ్లకు ఇది ఇప్పటి పనే. పదిహేనేళ్లు నడవాల్సిన మీటరు ఇవాళ బయటికెళ్తే ఆ రోజును చూస్తుంది.

యూనిక్స్ తరహా ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఓపెన్‌బీఎస్‌డీ 2013 ఆగస్టులోనే అన్ని ప్లాట్‌ఫారాల్లో టైమ్-టీని 64 బిట్లకు మార్చేసి, 2014 మేలో 5.5 వెర్షన్‌గా విడుదల చేసింది. పాత బైనరీలు (కంపైలై సిద్ధంగా ఉన్న ప్రోగ్రాములు) ఎప్పటికీ నడవాలన్న హామీ అక్కడ లేదు. ప్యాకేజీలన్నీ మళ్లీ కంపైల్ చేశారు. కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ), సీ లైబ్రరీ (ప్రోగ్రాములు కెర్నల్‌ను చేరే దారి), కమాండ్లు ఒకే సోర్స్ ట్రీలో, ఒకే బృందం చేతిలో ఉండబట్టే అంత తెగింపు కుదిరింది. ప్రింట్‌ఎఫ్ ఫంక్షన్‌లో టైమ్-టీని లాంగ్‌గా అచ్చువేసే కోడ్, లాంగ్ 32 బిట్లే ఉండే 32 బిట్ల యంత్రాల మీద తప్పు విలువలు చూపిస్తుంది. అలాంటివన్నీ వెతికి 64 బిట్ల లాంగ్ లాంగ్‌గా మార్చారు.

లినక్స్ కెర్నల్‌లో దాన్ని పుట్టించిన లైనస్ టోర్వాల్డ్స్ నియమం వేరు: నడుస్తున్న ప్రోగ్రాం ఆగకూడదు. అందుకే పాత సిస్టమ్ కాల్స్ (ప్రోగ్రాములు కెర్నల్‌ను పని అడిగే పిలుపులు) అలాగే ఉంచి, 2019లో 5.1 వెర్షన్‌తో పక్కనే కొత్తవి పెట్టారు; 2020లో 5.6తో కెర్నల్ పని ఒక కొలిక్కి వచ్చింది. అయితే లినక్స్‌లో ఎక్కువగా వాడే సీ లైబ్రరీ గ్లిబ్‌సీ వేరే చేతుల్లో ఉంది. అందులో 64 బిట్ల సమయం 2021 ఆగస్టులో 2.34తో వచ్చింది, అదీ కంపైల్ చేసేటప్పుడు అడిగితేనే. లినక్స్ పంపిణీ డెబియన్ 2025లో 13వ వెర్షన్‌తో 32 బిట్ల ఆర్మ్‌ను మార్చింది. పాత బైనరీల కోసమే బతుకుతున్న ఐ386ను (32 బిట్ల ఇంటెల్ పీసీల రూపాన్ని) మాత్రం కదపలేదు. (ఓపెన్‌బీఎస్‌డీకి బంధువైన నెట్‌బీఎస్‌డీ 2012 విడుదలలోనే టైపు మార్చి, పాత కాల్స్‌నూ నిలబెట్టింది.)

సోర్స్ ఇవ్వని క్లోజ్డ్ లైబ్రరీలు వాడేవాళ్లకు పాతవి ఆగవన్న లినక్స్ మాటే ఆధారం, కాదనలేం. కానీ ఆ మాట బరువంతా చివరికి బోర్డు టీమ్ మీద పడుతోంది. గ్లిబ్‌సీలో టైమ్ బిట్స్, ఫైల్ ఆఫ్‌సెట్ బిట్స్ అనే కంపైల్ సెట్టింగులు రెండింటికీ 64 ఇవ్వాలి. చిప్ వెండర్ ఇచ్చిన లైబ్రరీ 32తో కంపైలై ఉంటే కంపైలైన ముక్కలను కలిపే లింకర్ ఏమీ అనదు. రెండు వైపులా స్ట్రక్చర్ల (డేటా కట్టల) సైజులు తేడా వచ్చి, ఫీల్డులు జరిగి మెమరీ పాడవుతుంది. కెర్నల్ కాన్ఫిగ్‌లో పాత 32 బిట్ల సమయాన్ని నిలబెట్టే కంపాట్ ఆప్షన్ తీసేసి బూట్ చేస్తే పాత కాల్స్ వాడేవి అక్కడికక్కడే బయటపడతాయి. డిస్క్‌నూ చూడాలి: 512 ఎంబీ లోపు పార్టిషన్లకు పాత ఫార్మాట్ టూల్ ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్‌లో ఐనోడ్‌ను (ఫైలు వివరాలు, తేదీలు ఉండే చోటును) 128 బైట్లే ఇచ్చేది, దాంట్లో 2038 తర్వాతి తేదీ పట్టదు. ఫార్మాట్ చేసేటప్పుడే 256 ఇస్తే 2446 దాకా సరిపోతుంది.