ఒళ్ళు కుట్టుకున్న సంచి

ఒక పాఠకురాలు రాసిన ప్రశ్న వారం రోజులుగా నన్ను వదలడం లేదు. ఎనిమిదేళ్ళ కిందట ఆమె రెండు రొమ్ములకూ సిలికాన్ ఇంప్లాంట్లు పెట్టించుకున్నారు. ఒక్కోటి 300 మిల్లీలీటర్లు. కుడివైపుది ఇప్పటికీ మెత్తగానే ఉంది. ఎడమవైపుది ఏడాదిన్నరగా గట్టిపడుతూ, గుండ్రంగా పైకి లేచింది. ఆ పక్కకు తిరిగి పడుకుంటే నొప్పి. రివిజన్ సర్జరీ, అంటే మళ్ళీ తెరిచి సరిచేసే ఆపరేషన్ గురించి ఆలోచించమని డాక్టర్ చెప్పారట. ఆమె అడిగింది ఇది: "గట్టిపడిందని పాతది తీసేసి కొత్తది పెడతారు, సరే. పాతదాన్ని గట్టిపరిచిన ఒళ్ళు కొత్తదాన్ని మాత్రం ఊరికే వదిలేస్తుందా?"

ఇంత సూటిగా అడగడం అందరికీ చేతకాదు. జవాబుకు ముందు ఒక్క మాట సరిదిద్దుకోవాలి. గట్టిపడింది ఇంప్లాంట్ కాదు. ఆపరేషన్ చేసి బయటికి తీస్తే అది చాలాసార్లు మొదటి రోజులాగే మెత్తగా, అరచేతిలో జారిపోతూ ఉంటుంది. బిగుసుకుపోయింది దాని చుట్టూ ఒళ్ళు తనంతట తాను కుట్టుకున్న సంచి. డాక్టర్లు దాన్ని క్యాప్సూల్ అంటారు. నేను సంచి అనే అంటాను. ఎందుకంటే ఈ కథంతా సంచి బిగుసుకోవడం గురించే.

సంచి ఏర్పడటం జబ్బు కాదు. పాదంలో విరిగిన ముల్లు కానివ్వండి, ఛాతీలో అమర్చిన పేస్‌మేకర్ కానివ్వండి, కరిగించలేని వస్తువు లోపల ఉంటే శరీరం దాని చుట్టూ గోడ కట్టేస్తుంది. ఇంప్లాంట్ పెట్టిన కొన్ని క్షణాలకే రక్తంలోని ప్రొటీన్లు దాని మీద అతుక్కుంటాయి. వాటిని పట్టుకుని మాక్రోఫేజ్ కణాలు వస్తాయి. వాటి పని మింగడం. ఇంత పెద్దదాన్ని మింగలేక కొన్ని ఒకదానితో ఒకటి కలిసిపోయి రాక్షస కణాలవుతాయి. వాటి సంకేతాలు అందుకుని ఫైబ్రోబ్లాస్టులు వచ్చి కొల్లాజెన్ పోగులు పేనడం మొదలుపెడతాయి. కొన్ని వారాల్లో సంచి సిద్ధం. మంచి సంచి ఎలా ఉంటుందంటే, ఉడికిన గుడ్డు పెంకు ఒలిచేటప్పుడు లోపల వేలికి అంటుకునే పలచని పొర ఉంటుంది చూడండి, దాదాపు అలా. వెలుతురుకు పట్టుకుంటే అవతల ఉన్న వేలు లీలగా కనిపిస్తుంది. అది అక్కడితో ఆగితే మనిషికి దాని ఉనికే తెలియదు.

"ఒళ్ళు తిప్పికొట్టింది" అనే మాట ఈ విషయంలో తెగ వినిపిస్తుంది. కిడ్నీ మార్పిడిలో జరిగేది అది. అక్కడ రోగనిరోధక కణాలు పరాయి మనిషి కణాలను గుర్తుపట్టి దాడి చేస్తాయి. సిలికాన్ మీద గుర్తుపట్టడానికి అలాంటి పరాయి కణాలే లేవు. ఇంకా బాధ కలిగించే మాట ఒకటుంది: అందం కోసం ఆశపడ్డందుకు దేవుడు వేసిన శిక్ష అని. క్యాన్సర్‌కు రొమ్ము తీసేశాక పెట్టించుకున్నవాళ్ళకు కూడా సంచి బిగుసుకుంటుంది. వాళ్ళలో రేడియేషన్ తీసుకున్నవాళ్ళకు ఇంకా ఎక్కువగా బిగుసుకుంటుంది. ఆ మాట అనేవాళ్ళు ఈ ఒక్క సంగతి తెలుసుకున్నా చాలు. కణాలకు మన ఉద్దేశాలు తెలియవు.

మరి కొన్ని సంచులు ఎందుకు బిగుసుకుంటాయి? 1971లో జూలియో గాబియానీ, ఆయన సహచరులు మానుతున్న గాయాల్లో ఒక వింత కణాన్ని వర్ణించారు. సగం ఫైబ్రోబ్లాస్టు, సగం కండరం. పేరు మయోఫైబ్రోబ్లాస్టు. అది కొల్లాజెన్ పేనడమే కాదు, పేనినదాన్ని పట్టుకుని లాగుతుంది కూడా. తెగిన చర్మం అంచులు దగ్గరకు చేరేది దీనివల్లే. లాగే పద్ధతి చూడండి. మూట కట్టేటప్పుడు తాడును ఒక గుంజు గుంజి, జారకుండా ముడి బిగించి, మళ్ళీ గుంజుతాం. ఈ కణం కూడా కాస్త లాగుతుంది. లాగినంత మేర కొత్త పోగులు, పోగుల మధ్య కొత్త బంధాలు చేరి బిగింపును నిలబెడతాయి. అప్పుడు కణం పట్టు వదిలి, ముందుకు జరిగి, మళ్ళీ లాగుతుంది. గాయం మూసుకుంటే పని అయిపోయినట్టే, ఈ కణాలు వాటంతటవే చచ్చిపోతాయి. ఇంప్లాంట్ చుట్టూ ఆ ముగింపు రాకపోవచ్చు. పైగా చుట్టుపక్కల కణజాలం ఎంత గట్టిపడితే, అందులో దాగి ఉన్న టీజీఎఫ్-బీటా అనే ప్రొటీన్ అంత సులువుగా విడుదలై, ఇంకొన్ని ఫైబ్రోబ్లాస్టులను లాగే కణాలుగా మారుస్తుంది. బిగింపు బిగింపును పెంచుతుంది.

ఇక్కడి నుంచి జీవశాస్త్రాన్ని పక్కన పెట్టి లెక్కల్లోకి వస్తాను. గాయం మానడం ఒక పుస్తకంలో, గోళం వైశాల్యం ఇంకో పుస్తకంలో పెట్టి చదివిస్తాం. రెంటినీ కలిపితే ఎంత బాగుంటుందో పిల్లలకు చూపించం. నా మనసంతా ఈ భాగం మీదే ఉంది.

లోపలి జెల్‌ను ఎంత నొక్కినా దాని ఘనపరిమాణం తగ్గదు. 300 మిల్లీలీటర్లు 300గానే ఉంటుంది. కానీ సంచి వైశాల్యం తగ్గుతూ వస్తోంది. అదే ఘనపరిమాణాన్ని అతి తక్కువ వైశాల్యంలో ఇమడ్చగల ఆకారం ఒక్కటే, గోళం. కాబట్టి బిగిసే సంచికి వేరే దారి లేదు, లోపలిదాన్ని బంతిని చేసి తీరాలి. ఇప్పుడు అంకెలు వేద్దాం. అడుగు 12 సెంటీమీటర్ల వెడల్పు, ఎత్తు నాలుగున్నర సెంటీమీటర్లు ఉన్న గుమ్మటం లాంటి ఇంప్లాంట్ అనుకోండి. సుమారు 300 మిల్లీలీటర్లు పడుతుంది. అడుగుతో కలిపి దాని వైశాల్యం దాదాపు 290 చదరపు సెంటీమీటర్లు. అదే 300 మిల్లీలీటర్లు బంతి అయితే వ్యాసం 8.3 సెంటీమీటర్లు, వైశాల్యం 217. అంటే సంచి తన వైశాల్యంలో నాలుగో వంతు పోగొట్టుకుంటే చాలు, గుమ్మటం పూర్తిగా బంతి అయిపోతుంది. నాలుగో వంతు పెద్దదిగా అనిపిస్తుంది కానీ, పోగుల పొడవులో చూస్తే సగటున పది సెంటీమీటర్లకు సుమారు 1.3 మాత్రమే. అంత చిన్న కుదింపుకే అడుగు వెడల్పు 12 నుంచి 8.3కి పడిపోతుంది, ఎత్తు నాలుగున్నర నుంచి 8.3కి లేస్తుంది. ఆమె ఉత్తరంలోని "గుండ్రంగా పైకి లేచింది" అన్న మాటకు అర్థం అదే.

బంతి అయ్యాక ఏమవుతుంది? సంచి ఇంక కుదించుకోలేదు, కానీ కణాలు లాగడం ఆపవు. ఆ లాగుడంతా లోపలి ఒత్తిడిగా మారుతుంది. గోళాకారపు సంచిలో ఒత్తిడి అంటే గోడ బిగుతుకు రెండింతలను వ్యాసార్ధంతో భాగిస్తే వచ్చేది. ఇది లాప్లాస్ సూత్రం. బిగుతు రెట్టింపైతే ఒత్తిడీ రెట్టింపు. గాలి ఎక్కువ కొట్టిన ఫుట్‌బాల్‌ను నొక్కి చూడండి. లోపల ఉన్నది గాలే, చేతికి తగిలేది రాయి.

ఇంకొకటి కూడా ఉంది. ఇంప్లాంట్‌కు తనదైన సిలికాన్ తొడుగు ఉంటుంది. దాన్ని తయారు చేసింది 290 చదరపు సెంటీమీటర్లకు. సంచి ఇప్పుడు 217 మాత్రమే. మిగిలిన 73 ఎక్కడికి పోవాలి? ముడతల్లోకి. మనిషి ఊపిరి పీల్చినప్పుడల్లా, చెయ్యి ఎత్తినప్పుడల్లా అదే ముడత అదే చోట కదులుతుంది. కాగితాన్ని ఒకే గీత మీద వందసార్లు మడిస్తే అక్కడే చిరిగినట్టు, తొడుగు కూడా ముడత మొన దగ్గరే తెగుతుంది. తెగినా పైకి ఏ తేడా తెలియకపోవచ్చు, జెల్ సంచి లోపలే ఉండిపోతుంది గనక. ఎమ్మారై తీస్తే కుప్పకూలిన తొడుగు జెల్‌లో సేమ్యా పోగుల్లా తేలుతూ కనిపిస్తుంది. సిలికాన్ ఇంప్లాంట్ ఉన్నవాళ్ళు ఏ బాధా లేకపోయినా అయిదారేళ్ళకు ఒకసారి, ఆ తర్వాత రెండు మూడేళ్ళకోసారి ఎమ్మారై గానీ అల్ట్రాసౌండ్ గానీ చేయించుకోవాలని అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో చెప్పింది అందుకే.

బిగింపుకు తొలి కారణం ఒక్కటే కాదు. ఇంప్లాంట్ చుట్టూ రక్తం గడ్డకట్టి ఉండిపోవడం, రేడియేషన్ కారణాల్లో కొన్ని. ఎక్కువమంది సర్జన్లు వేలెత్తి చూపేది బయోఫిల్మ్‌ను. చర్మం మీద మామూలుగా బతికే స్టఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ లాంటి బ్యాక్టీరియా ఇంప్లాంట్ మీద చేరి, జిగురు లాంటి పొర కప్పుకుని కూర్చుంటుంది. జ్వరం రాదు, చీము పట్టదు, మందులకు లొంగదు. చుట్టూ ఉన్న కణాలకు మాత్రం అస్తమానం చిరాకు.

1962లో హ్యూస్టన్‌లో థామస్ క్రోనిన్, ఫ్రాంక్ జెరో తొలి సిలికాన్ ఇంప్లాంట్లు పెట్టినప్పటి నుంచీ ఈ సంచి బెడద వెన్నంటే ఉంది. ఒకప్పుడు డాక్టర్లు రొమ్మును రెండు చేతులతో బలంగా పిసికి, లోపల సంచి పటుక్కున చిట్లేదాకా నొక్కేవారు. చిట్లగానే మెత్తబడేది. కానీ చిరుగు ఎక్కడ పడుతుందో చేతిలో లేని పని, కొన్నిసార్లు ఇంప్లాంటే పగిలేది. ఇప్పుడు ఆ పద్ధతి వద్దంటారు. తర్వాత గరుకు ఉపరితలం ఉన్న ఇంప్లాంట్లు వచ్చాయి. పోగులన్నీ ఒకే దిశలో పేరుకోకుండా చెల్లాచెదురైతే ఒకదాని లాగుడును ఇంకొకటి రద్దు చేస్తుందన్నది ఆలోచన. నాకు చాలా నచ్చిన ఆలోచన. కానీ ఆ గరుకు రకాలతోనే సంచిలో పుట్టే లింఫోమా అనే అరుదైన క్యాన్సర్ ముడిపడి ఉందని బయటపడింది. 2019 జులైలో అలర్గాన్ సంస్థ తన బయోసెల్ అనే గరుకు రకాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. ఏ లక్షణాలూ లేనివాళ్ళు భయపడి తీయించుకోవాల్సిన పని లేదని ఎఫ్‌డీఏ అప్పుడే చెప్పింది. అయితే ఏళ్ళ తర్వాత ఉన్నట్టుండి ఒకవైపు వాచి నీరు చేరితే మాత్రం రివిజన్‌కు తొందరపడకూడదు. ముందు ఆ నీరు తీసి, సీడీ30 అనే గుర్తు కోసం పరీక్షించాలి. లింఫోమా అని తేలితే ఆపరేషన్ వేరు. ఇంప్లాంట్‌ను, సంచిని ఒకే ముద్దగా, ఏమీ మిగల్చకుండా తీయాలి.

ఇప్పుడు ఆమె ప్రశ్నకు జవాబు. కేవలం ఇంప్లాంట్ మార్చి, సంచిని అలాగే వదిలేస్తే ఆమె అనుమానం నూటికి నూరుపాళ్ళూ సరైనదే. అదే సంచి, అవే కణాలు, ఉంటే అదే బయోఫిల్మ్. కాబట్టి డాక్టర్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న ఏ కంపెనీ ఇంప్లాంట్ అన్నది కాదు, "సంచిని ఏం చేస్తారు?" అన్నది. బిగుతైన జాకెట్టుకు కుట్లు విప్పినట్టు సంచికి గాట్లు పెట్టి వదులు చేయవచ్చు. వైశాల్యం పెరుగుతుంది, లాగే కణాలు అక్కడే ఉంటాయి. సంచినే తీసేయవచ్చు. రొమ్ము గ్రంథి వెనక ఉన్న ఇంప్లాంట్‌ను ఛాతీ కండరం వెనక్కి మార్చి, పాత గాయం తగలని కొత్త చోటు ఇవ్వవచ్చు. కణాలన్నీ తీసేసి శుద్ధి చేసిన చర్మపు పట్టీని ఒకవైపు కుట్టవచ్చు. నాకు ఇది ముచ్చట గొలుపుతుంది. సంచి చుట్టుకొలతలో ఒక భాగం సులువుగా కుదించుకోని గుడ్డ అయితే, బంతి కావడానికి కావాల్సిన అన్నివైపుల లాగుడు పూర్తి కాదు.

సంచి మొత్తం తీయడం ఎప్పుడూ మేలని కూడా అనుకోవద్దు. కండరం వెనక పెట్టిన ఇంప్లాంట్‌కు సంచి వెనక గోడ పక్కటెముకలకు అతుక్కుని ఉంటుంది. అక్కడ గీరితే ఊపిరితిత్తి పొరకు చిల్లు పడే ప్రమాదం ఉంది. క్యాన్సర్ అనుమానం లేనప్పుడు పలచగా ఉన్న ఆ ముక్కను వదిలేయడం నిర్లక్ష్యం కాదు.

ఇంత చేసినా హామీ లేదు. 2014లో వెలువడిన పదేళ్ళ అధ్యయనం ఒకటి ఉంది. అందులో అందం కోసం మొదటిసారి పెట్టించుకున్నవాళ్ళలో నూటికి సుమారు 19 మందికి సంచి బిగుసుకుంటే, మార్పించుకున్నవాళ్ళలో 29 మందికి బిగుసుకుంది. ఒక్కో ఆపరేషన్‌కు పైన కప్పే కణజాలం కూడా పలచబడుతుంది. అందుకే కొత్తది పెట్టకుండా తీసేయడం కూడా చిట్టాలో ఉండాల్సిందే. తీశాక సంచికి పట్టుకుని బిగించడానికి ఏమీ మిగలదు, బంతి లెక్కే రద్దవుతుంది. సాగిన చర్మం వదులుగా వేలాడవచ్చు. దాన్ని పైకెత్తి కుట్టడం, ఒంట్లోని కొవ్వుతో కొంత నింపడం సాధ్యమే. ఓడిపోయినట్టు ఎవరైనా మాట్లాడితే పట్టించుకోకండి.

గట్టితనాన్ని బేకర్ కొలతలో నాలుగు మెట్లుగా చెబుతారు. మొదటిది మెత్తగా, రెండోది కాస్త గట్టిగా, మూడోదానిలో ఆకారం మారుతుంది, నాలుగోదానిలో నొప్పి. ఆమెది చివరి మెట్టులా అనిపిస్తోంది, కానీ చేత్తో చూడకుండా అది చెప్పగలిగేవాళ్ళు లేరు. పాత ఇంప్లాంట్ కార్డు వెతికి పెట్టుకోమన్నాను. రకం, పరిమాణం, సీరియల్ నంబరు అన్నీ దాని మీద ఉంటాయి. గరుకు రకమా నునుపు రకమా అన్నది అక్కడే తేలిపోతుంది.

ఉత్తరం చివర ఆమె మొహమాటంగా ఇంకో మాట అడిగారు: తీసిన సంచిని తనకు చూపిస్తారా అని. అడగండి. ముక్క ల్యాబ్‌కు పంపాలి కాబట్టి ముందే చెప్పి ఉంచితే, కనీసం ఫొటో అయినా తీసి పెడతారు. కుడివైపుది కూడా మార్పిస్తుంటే రెండూ పక్కపక్కన పెట్టించి చూడండి. కుడివైపు సంచి గుడ్డు లోపలి పొరలా వేళ్ళ రంగు చూపిస్తుంది. ఎడమవైపుది మందంగా, తెల్లగా ఉంటుంది. సున్నం పేరుకుని ఉంటే అంచు వేలికి గరగరలాడుతుంది, పొర కాస్తా పెంకైనట్టు.