ఈశాన్యం 128, ఆగ్నేయం 2: వాన చుక్క లెక్క

మా అక్క కొడుకు ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు దగ్గరున్న కాశీనగర్‌లో ఉంటాడు, డిగ్రీలో జియాలజీ. మొన్న ఫోన్ చేసి "మావయ్యా, అందరూ జీఐఎస్ నేర్చుకో అంటున్నారు, ఎక్కడ మొదలెట్టాలి?" అన్నాడు. జీఐఎస్ అంటే నేల వివరాల్ని కంప్యూటర్లో మ్యాపులుగా పెట్టి లెక్కలు కట్టడం. రాస్టర్ అంటే ఏంటి, వెక్టర్ అంటే ఏంటి, షేప్‌ఫైల్ ఎలా తెరవాలి, ఇవన్నీ ఏ వీడియోలో అయినా దొరుకుతాయి, చెప్పాలంటే నాకే బోరు. నేను ఒక్కటే చెప్పాను: మీ ఊరి గెడ్డ (వాగు) ఒకటి పట్టుకో, అందులోకి నీళ్ళు ఎక్కడెక్కడి నుంచి దిగుతున్నాయో కంప్యూటర్ చేత గీయించు. సగం జీఐఎస్ ఆ పనిలోనే వచ్చేస్తుంది, మిగతా సగం బొమ్మ తప్పుగా వచ్చినప్పుడు వస్తుంది.

ఖర్చేమీ లేదు. ఈ పని చేసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, 2002 నుంచి ఉంది. నేల ఎత్తుల డేటా కూడా ఉచితమే. 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ స్పేస్ షటిల్ 11 రోజులు తిరుగుతూ, ఒక రాడార్ యాంటెన్నా తన దగ్గర, ఇంకోటి 60 మీటర్ల పొడుగు గెడ చివర పెట్టుకుని, రెంటికీ అందిన తరంగాల తేడాని బట్టి భూమి ఎత్తులు కొలిచింది. మన రెండు కళ్ళు దూరాన్ని అంచనా కట్టినట్టే అనుకోండి. ఆ డేటాలో ధ్రువాల వైపు తప్ప మిగతా నేలంతా గడులు గడులుగా ఉంటుంది, గడి సుమారు 30 మీటర్లు, గడికో ఎత్తు. 30 ఇంటూ 30 అంటే 900 చదరపు మీటర్లు, మన లెక్కలో 22 సెంట్లు. అంటే మన నేలంతా ఇరవై రెండేసి సెంట్ల మళ్ళుగా కోసి పెట్టారన్నమాట.

ఇక నాకు ఇష్టమైన సంగతికి వస్తాను. ప్రతి మడికీ చుట్టూ ఎనిమిది మళ్ళు ఉంటాయి, అచ్చంగా అష్టదిక్కులు. నీళ్ళు వాటిలో ఒక్కదానిలోకే పోవాలి, ఏ వైపు వాలు ఎక్కువుంటే అటు. పల్లం ఎక్కువున్న వైపు అనలేదు, వాలు అన్నాను, ఇక్కడే చాలామంది పొరబడతారు. మన మడి ఎత్తు 52 మీటర్లు, తూర్పు మడి 50, ఆగ్నేయం మడి 49.5 అనుకోండి. చూడగానే ఆగ్నేయమే పల్లం. కానీ మూలకి పోవాలంటే దూరం 30 కాదు, 42.4 మీటర్లు. తూర్పుకి 2 బై 30 అంటే 0.067, ఆగ్నేయానికి 2.5 బై 42.4 అంటే 0.059. నీళ్ళు తూర్పుకే పోతాయి. దీన్ని డీ8 పద్ధతి అంటారు, 1984లో వచ్చింది.

ఆ దిక్కుల్ని కంప్యూటర్ అంకెలతో గుర్తు పెట్టుకుంటుంది: తూర్పు 1, ఆగ్నేయం 2, దక్షిణం 4, నైరుతి 8, పడమర 16, వాయవ్యం 32, ఉత్తరం 64, ఈశాన్యం 128. ఒకటి నుంచి ఎనిమిది దాకా పెట్టుకోకుండా ఈ రెట్టింపుల గోల ఎందుకంటే, రెండు దిక్కుల్లో వాలు సమానంగా వస్తే రెంటినీ కూడి ఒకే అంకెలో దాచొచ్చు. 5 కనిపిస్తే అది తూర్పు, దక్షిణం తప్ప ఇంకేదీ కాదు. వరసగా 1, 2, 3 అని పెట్టుకుంటే 3 అనేది మూడో దిక్కో, మొదటి రెండూ కలిపో తెలిసి చావదు. అయితే గ్రాస్ అనే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్ తన లెక్క వేరే పెట్టుకుంది, ఈశాన్యం 1, ఉత్తరం 2, అలా తిరిగి వచ్చి తూర్పు 8. ఒకసారి నేను రెట్టింపు అంకెల మ్యాపు తీసి గ్రాస్ టూల్‌కి ఇచ్చేశాను. గెడ్డలన్నీ బయల్దేరి మహేంద్రగిరి కొండ ఎక్కడం మొదలెట్టాయి.

వాస్తు ప్రకారం ఈశాన్యం పల్లంగా ఉండాలి కదా. వంశధార పుట్టింది మొదలు కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసేదాకా మొత్తం మీద దక్షిణానికీ ఆగ్నేయానికీ వాలుతూనే పోతుంది. 4, 2, 4, 2. ఏ సిద్ధాంతిని అడిగినా ఈ నదిని కూలగొట్టి మళ్ళీ కట్టమంటాడు.

దిక్కులు తేలాక అసలు కూడిక. ప్రతి మడిలో ఒక్క బిందె నీళ్ళు పోశామనుకోండి. ప్రతి మడీ తన బిందెతో పాటు ఎగువ నుంచి వచ్చినవన్నీ కలిపి దిగువ మడికి అప్పజెబుతుంది. గట్టు మీది మడి ఒకటి ఇస్తుంది, దాని కిందిది రెండు, ఇలాంటి రెండు దారులు కలిసిన చోట పదో ఇరవయ్యో. దిగేకొద్దీ వందలు, వేలు, లక్షలు. ఏ మడిలో బిందెల లెక్క ఎక్కువో ఆ మళ్ళని రంగేసి చూడండి, గెడ్డలు వాటంతటవే కనిపిస్తాయి. ఎవరూ గీయలేదు! 10,000 బిందెలు చేరిన మడి అంటే దాని వెనక 9 చదరపు కిలోమీటర్ల నేల ఉన్నట్టు. అక్కడ పది సెంటీమీటర్ల వాన పడితే కురిసింది 90 కోట్ల లీటర్లు (కొంత ఇంకుతుంది, కొంత ఆవిరవుతుంది, అది వేరే లెక్క). వంశధార మొత్తానికి పరీవాహకం సుమారు 10,800 చదరపు కిలోమీటర్లు, అంటే ఇంచుమించు కోటీ ఇరవై లక్షల మళ్ళు. వాటిలో మూడింట రెండొంతులకి పైగా ఒడిశాలోనే ఉన్నాయి.

మేనల్లుడు మూడో రోజు మళ్ళీ ఫోన్. "మావయ్యా, మా ఊరి దగ్గర వంశధార మా గెడ్డ కంటే సన్నగా వచ్చింది, అంకెల ముందు మైనస్ గుర్తులు కూడా ఉన్నాయి." నాకు నవ్వాగలేదు. వాడు డేటాని శుభ్రంగా గజపతి జిల్లా సరిహద్దు మీద కత్తిరించేశాడు. వంశధార వచ్చేది పైన కలహండి, రాయగడ వైపు నుంచి. ఆ మళ్ళు లేకపోతే బిందెలు ఎక్కడివి? గ్రాస్ మాత్రం నిజాయితీగా మైనస్ పెట్టింది: ఈ మడికి నీళ్ళు నువ్విచ్చిన మ్యాపు బయటి నుంచి కూడా వస్తుండొచ్చు, నా లెక్క తక్కువ కావచ్చు అని. ఎర్రర్ అనుకుని వాడు ఆ మైనస్‌లన్నీ తీసేయబోయాడు.

తప్పు వాడిది కాదులెండి. మాది పర్లాకిమిడి, మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అది ఆంధ్ర. చిన్నప్పుడు ఆంధ్ర మ్యాపు కొంటే మా ఇల్లు తెల్ల కాగితంలో ఉండేది, ఒడిశా మ్యాపు కొంటే మా అమ్మమ్మ ఇల్లు తెల్ల కాగితంలో. గీత దగ్గర భూమి ఆగిపోతుందనే మాకూ నేర్పారు, ఇప్పటికీ అలాగే నేర్పుతున్నారు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక మా కొండల్లో కురిసిన వానే వంశధారలో పడి శ్రీకాకుళం జిల్లా పొలాల మీదికి వెళ్ళింది.

ఇంకో గీత కూడా మా మధ్యలోంచే పోతుంది. భూమిని నిలువు పట్టీలుగా (జోన్లుగా) కోసి మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో 84 డిగ్రీల రేఖాంశం దగ్గర 44వ జోన్ అయిపోయి 45 మొదలవుతుంది. కాశీనగర్ 44లో, పర్లాకిమిడి 45లో. మేనమామ, మేనల్లుడు చెరో జోన్! పరీవాహకం ఎక్కువ భాగం ఎటుంటే ఆ జోనే అంతటికీ వాడాలి, ఇక్కడైతే 44. జోన్ గొడవెందుకని డేటాని డిగ్రీల్లోనే వదిలేసి వాలు కట్టమంటే, ఎత్తు మీటర్లలో, దూరం డిగ్రీల్లో ఉండి వరి చేను కూడా నిట్టనిలువు కొండైపోతుంది.

అన్నట్టు, కంప్యూటర్లో గెడ్డలు గీస్తానని తెలిశాక వీధిలో వాళ్ళు బోరు ఎక్కడ వేయాలో చెప్పమంటున్నారు. ఇది నేల మీద పారే నీళ్ళ లెక్క, కింద రాతి పగుళ్ళలో ఏముందో దీనికి తెలియదు. అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడితే నీళ్ళున్నట్టు అనేవాళ్ళకి మాత్రం అన్నీ తెలుసు.

జిల్లా గీత దాటి నది పుట్టిన చోటు దాకా డేటా పెట్టాక వాడికి వంశధార వంశధారలాగే వచ్చింది. గెడ్డే కుదరలేదు. ప్రింటు పట్టుకుని వెళ్ళి చూస్తే మ్యాపులో గీత ఒకచోట, నీళ్ళు రెండు మళ్ళ అవతల. మధ్యలో రోడ్డు గట్టు, దాని కింద మదుం. ఆకాశం నుంచి చూసే రాడార్‌కి గట్టు పైభాగం కనిపిస్తుంది గానీ కింద తూము కనిపించదు, నీళ్ళు గట్టెక్కలేవు కాబట్టి కంప్యూటర్ గెడ్డని పక్కకి తిప్పేసింది. ఇప్పుడు వాడు ఊరి చుట్టూ మదుములన్నీ ఫోన్ జీపీఎస్‌తో గుర్తు పెట్టుకుంటున్నాడు, ఆ చోట్ల గట్టు ఎత్తు తగ్గించి మళ్ళీ నడిపిస్తాడట. నిన్నటికి పదకొండు అయ్యాయి.