ముందు కీలు చూడండి, తర్వాత తిప్పండి

ప్రియమైన పిల్లలకు,

మీలో ఒక పాప ఇలా అడిగింది: "తాతయ్యా, మా మామయ్య అద్దాల బీరువా నిండా యాక్షన్ ఫిగర్లు పెట్టుకున్నాడు. ఒకటి నా చేతికిచ్చాడు. నేను దాని చెయ్యి పైకి తిప్పబోతే 'ఆగాగు' అంటూ గబుక్కున తీసేసుకున్నాడు. చేతులు కదిలే బొమ్మే కదా, కదిపితే ఏమవుతుంది? అసలు అంత పెద్దవాడికి బొమ్మలెందుకు?"

మామయ్యకు వచ్చింది కోపం కాదమ్మా, భయం. ఆ బొమ్మకు ప్రాణం కీళ్ళలోనే ఉంది. విరిగినా అక్కడే విరుగుతుంది. ఈ సంగతి ముందు చూద్దాం. రెండో ప్రశ్నకు జవాబు దారిలో దొరుకుతుంది.

ఒకసారి లేచి మీ గది తలుపు దగ్గరికి వెళ్ళండి. తలుపు ఎంత బరువున్నా దాన్ని మోసేవి రెండో మూడో ఇనుప బందులు. ఆ బందు మధ్యలో ఒక సన్నని చువ్వ ఉంటుంది, తలుపంతా దాని చుట్టూ తిరుగుతుంది. బొమ్మ మోకాలు, మోచెయ్యి కూడా అచ్చం ఇంతే. మోకాలి పక్కన చిన్న గుండ్రటి చుక్క లాంటిది కనిపిస్తుంది చూడండి, అది లోపలున్న పిన్ను తల. ఆ పిన్ను ఎటు పడుకుని ఉంటే కాలు దాని చుట్టూనే మడుచుకుంటుంది, మరో వైపుకు రాదు. తలుపును పైకి ఎత్తి తెరవాలని ఎవరైనా చూస్తారా? బొమ్మ విషయంలో మాత్రం చాలామంది సరిగ్గా ఆ పనే చేస్తారు.

ఇప్పుడు తలుపును పిడి పట్టుకుని తెరవండి, ఒక్క వేలితో తెరుచుకుంటుంది. తర్వాత బందుకు ఆనుకుని చెయ్యి పెట్టి తొయ్యండి. ఎంత కష్టమో చూశారా! బందుకు ఎంత దూరంలో పట్టుకుంటే మన బలం అంత ఎక్కువగా పనిచేస్తుంది. తలుపుకు అది మేలు. బొమ్మకు అదే ప్రమాదం. బిగుసుకుపోయిన భుజాన్ని మీరు మణికట్టు దగ్గర పట్టుకుని తిప్పితే, మీ చేతికి ఏమీ తెలియకుండానే రెండు మూడు మిల్లీమీటర్ల లావున్న పిన్ను మీద ఎన్నో రెట్ల బరువు పడుతుంది. పిన్ను మెలి తిరుగుతుంది, పుటుక్కుమంటుంది. అందుకే ఎప్పుడూ కీలుకు దగ్గరగా, అటూ ఇటూ రెండు వైపులా పట్టుకోవాలి. పై చేతి వేళ్ళు కీలుకు పైన, కింది చేతి వేళ్ళు కీలుకు కింద. కష్టంగా తిరిగితే తిరగనివ్వండి. ఆ కష్టమే బొమ్మను కాపాడేది.

కొత్త బొమ్మకు కీళ్ళు బిగుసుకుపోవడమేమిటని అడుగుతారు. తలుపులకు రంగు వేసేవాళ్ళు ఒక్కోసారి బందు మీద కూడా పూసేస్తారు. ఆరాక తలుపు కదలదు. రంగు రెండు రేకులనూ అతికించేస్తుంది. బొమ్మలకూ అదే జరుగుతుంది. కీలు సందులోకి రంగు కారి ఆరిపోతుంది. మరోవైపు, పెట్టెలో నెలల తరబడి ఒకే భంగిమలో ఉండిపోయిన మెత్తటి ప్లాస్టిక్కు పక్క ముక్కను అంటుకుపోతుంది. రెండింటికీ మందు ఒకటే, వేడి. తలుపు పోలిక ఇక్కడ పనికిరాదు. ఇనుప బందును ఇంట్లో వేడిచేసి మెత్తబరచలేం, ప్లాస్టిక్కును మెత్తబరచగలం.

చేసే పద్ధతి ఇది, పెద్దవాళ్ళు పక్కనుండాలి. మరుగుతున్న నీళ్ళు వద్దు, రంగు లేస్తుంది, సన్నని భాగాలు వంకర పోతాయి. వేలు ముంచితే బాగా వేడిగా తగిలి, కాలకుండా ఉండేంత చాలు. ఆ నీళ్ళలో కీలు మునిగేలా ఒక నిమిషం, మొండిదైతే రెండు నిమిషాలు ఉంచాలి. గుడ్డ బట్టలు, కాగితపు స్టిక్కర్లు, లోపల బ్యాటరీ ఉన్న బొమ్మలను ముంచకూడదు. వాటికి జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్‌ను జానెడు దూరంలో పట్టుకుని, ఒకే చోట నిలపకుండా ఆడిస్తూ పదిహేను ఇరవై సెకన్లు వేడి తగిలిస్తే సరిపోతుంది. తర్వాత ఒక్కసారిగా తిప్పకండి. ముందుకు కొంచెం, వెనక్కి కొంచెం, ఉయ్యాల ఊపినంత మెల్లగా. రంగు అతుకు ఊడినప్పుడు 'టిక్' అని సన్నని చప్పుడు వస్తుంది, అది మంచి శకునం. అదే సమయంలో కీలు పక్కన ప్లాస్టిక్కు తెల్లబడిందా చూడండి. సన్నని తెల్ల గీత కనిపించిందంటే లోపల పదార్థం సాగి చీలడం మొదలైందని అర్థం. వెంటనే ఆపి, మళ్ళీ వేడి చెయ్యాలి. గాజులా అవతలివైపు కనిపించే ప్లాస్టిక్కుతో చేసిన బొమ్మలైతే ఇంకా పెళుసు. వాటికి ఆ హెచ్చరిక కూడా రాకపోవచ్చు.

కీలు వదిలాక కూడా బరబరమంటే, సూది మొన మీద ఒక్క బొట్టు సిలికాన్ నూనె పెట్టి పదిసార్లు ఆడించి, పైకి వచ్చింది తుడిచెయ్యాలి. తలుపు బందుకు వేసే యంత్రాల నూనె వాడకండి. పెట్రోలియం నూనెలు, స్ప్రేలు కొన్ని రకాల ప్లాస్టిక్కును తినేస్తాయి, నెలల తర్వాత పగుళ్ళు బయటపడతాయి.

వదులైన కీలు మరో రకం జబ్బు. తలుపు బందు మేకు రంధ్రం పెద్దదై ఊడిపోతుంటే వడ్రంగి ఏం చేస్తాడు? ఆ రంధ్రంలో ఒక అగ్గిపుల్ల ముక్క దూర్చి మళ్ళీ బిగిస్తాడు. బొమ్మకూ సందు నింపడమే వైద్యం, కాకపోతే పూతతో. పిన్ను బదులు గుంటలో గోళీలా తిరిగే కీలైతే, ఆ గోళీని బయటికి తీసి, నేలకు మెరుపు తెచ్చే యాక్రిలిక్ పాలిష్‌ను పలచగా పూసి, ఒక రోజంతా ఆరనిచ్చి, మళ్ళీ అమర్చి చూడాలి. చాలకపోతే ఇంకో పూత. కొందరు సూపర్ గ్లూ పూస్తారు. అది కూడా పనిచేస్తుంది, కానీ గోళీ బయట ఉండగానే పూర్తిగా ఆరాలి. తడిగా ఉండగా గుంటలో పెడితే ఆ కీలు ఇక ఎప్పటికీ కదలదు. గోళ్ళ రంగు మాత్రం వద్దు, అందులోని ద్రావకం ప్లాస్టిక్కును కరిగిస్తుంది.

ఇన్ని కీళ్ళు ఎప్పటినుంచి వచ్చాయో తెలుసా? నా చిన్నతనంలో చూసిన ప్లాస్టిక్ మనుషుల బొమ్మలు చాలావరకు భుజం దగ్గర తిరిగితే గొప్ప. 1964లో అమెరికాలో హాస్‌బ్రో సంస్థ జి.ఐ. జో అనే సైనికుణ్ణి తెచ్చింది. దాదాపు అడుగు ఎత్తు, కదిలే భాగాలు 21. 1978లో కెన్నర్ సంస్థ స్టార్ వార్స్ సినిమా బొమ్మలను మూడు ముప్పావు అంగుళాల ఎత్తుకు దించేసింది. మనిషి చిన్నవాడైతేనే అతను ఎక్కే అంతరిక్ష నౌక ఇంట్లో పట్టే సైజులో వస్తుంది మరి! ఆ బొమ్మల్లో చాలావాటికి కదిలేవి మెడ, రెండు భుజాలు, రెండు తుంటికీళ్ళు, మొత్తం అయిదే. 1982లో జి.ఐ. జో కూడా అదే ఎత్తులో తిరిగొచ్చాడు, ఈసారి మోచేతులు, మోకాళ్ళు, నడుము అన్నీ కదులుతూ. ఇప్పటి ఆరంగుళాల బొమ్మల్లో ముప్పైకి పైగా కీళ్ళున్నవి మామూలే.

ఆ 1982 నాటి జో గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పాత బొమ్మల వైద్యం నేర్చుకోవాలంటే అంతకంటే మంచి బడి లేదు. అతని నడుము లోపల ఒక నల్ల రబ్బరు ఉంగరం ఉంటుంది. పైభాగాన్నీ కాళ్ళనూ కలిపి పట్టుకునేది అదే. నలభై ఏళ్ళకు రబ్బరు ఎండి తెగిపోతుంది, బొమ్మ చేతిలోనే రెండు ముక్కలవుతుంది. చూసినవాళ్ళు విరిగిపోయిందని పారేస్తారు. నిజానికి విరిగింది ఏమీ లేదు. వీపు మీద ఒకే ఒక స్క్రూ ఉంటుంది. సరిపోయే ప్లస్ మొన స్క్రూడ్రైవర్‌తో విప్పితే ఛాతీ రెండు చిప్పలుగా విడిపోతుంది, తల, చేతులు వాటంతటవే వచ్చేస్తాయి. కొత్త ఉంగరాన్ని కాళ్ళ మధ్యనున్న ఇనుప కొక్కేనికి తగిలించి, నడుము ముక్క రంధ్రంలోంచి పైకి లాగి, ఛాతీ లోపలి గూటానికి వెయ్యాలి. తల, చేతులు వాటి గుంటల్లో పెట్టి చిప్ప మూసెయ్యాలి.

స్క్రూ బిగించేటప్పుడు ఒక రహస్యం ఉంది. వెంటనే కుడివైపు తిప్పకండి. ముందు ఎడమవైపు, అంటే విప్పే వైపు, మెల్లగా తిప్పుతూ ఉండండి. ఒకచోట స్క్రూ కొద్దిగా కిందికి దిగినట్టు వేళ్ళకు తెలుస్తుంది. పాత గాడి మొదలు దొరికిందన్నమాట. అక్కణ్ణుంచి కుడివైపు తిప్పితే అది పాత దారిలోనే వెళ్తుంది. అలా కాకుండా బలంగా తిప్పేస్తే ప్లాస్టిక్కులో కొత్త గాడి కోస్తుంది. రెండు మూడుసార్లు అలా జరిగితే ఇక స్క్రూ పట్టదు. బిగుతు తగలగానే ఆపెయ్యండి, ఇంకో అరచుట్టు వేస్తే వీపు పగులుతుంది. ఆ బొమ్మల బొటనవేళ్ళు కూడా సన్నం. ఆయుధం పిడిని బలవంతంగా దూర్చితే ఊడిపోతాయి. చేతిని వేడినీళ్ళలో ముంచి మెత్తబడ్డాక పెట్టాలి.

బీరువాలో ఉన్నంత మాత్రాన బొమ్మ క్షేమమని అనుకోకండి. ఎండ తగిలితే తెల్ల ప్లాస్టిక్కు పసుపు పచ్చబడుతుంది. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్కులో దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపిన ద్రవం ఏళ్ళు గడిచేకొద్దీ పైకి చేరి, బొమ్మ జిగురుగా తగులుతుంది. గాలి ఆడని పెట్టెలో, వేడిగా ఉన్న గదిలో ఇది ఇంకా ఎక్కువ. గోరువెచ్చని నీళ్ళు, తేలికపాటి సబ్బు, మెత్తటి బ్రష్షుతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. పిన్నులు, స్క్రూలు ఇనుపవైతే సందుల్లో తడి ఉండకూడదు, తుప్పు పడుతుంది. కొన్నాళ్ళకు జిగురు మళ్ళీ వస్తుంది, మళ్ళీ కడగాలి. ఒంటికాలి మీదో ముందుకు వాలో నిలబెట్టిన బొమ్మ ఎండాకాలంలో మెల్లగా వంగిపోతుంది, ఒక రోజు పడి పక్కనున్న నలుగురినీ పడేస్తుంది. బరువు రెండు పాదాల మీదా పడేలా నిలబెట్టి, వీపును పట్టుకునే స్టాండు పెట్టాలి. బ్యాటరీలుంటే తీసి దాచాలి. కారిన బ్యాటరీ లోపలి రేకులను కొరికేస్తుంది.

పెట్టె విప్పని బొమ్మకు ఎక్కువ ధర పలుకుతుంది, నిజమే. కానీ పెట్టె కూడా ముసలిదవుతుంది. ముందున్న ప్లాస్టిక్ బుడగ పసుపెక్కుతుంది, అట్టకు అతికించిన జిగురు వదులుతుంది. నన్నడిగితే బొమ్మను విప్పాలి, పెట్టెను మడిచి దాచాలి.

పాత బొమ్మలు కొనేవాళ్ళకు కన్ను చురుగ్గా ఉండాలి. బొమ్మ కాలి వెనక ఉండే సంవత్సరం హక్కులు నమోదైన ఏడాది, బొమ్మ తయారైన ఏడాదే కానక్కర్లేదు. 1978లో కెన్నర్ జావా అనే పొట్టి స్టార్ వార్స్ బొమ్మకు మొదట వినైల్ ప్లాస్టిక్ అంగీ తొడిగి, త్వరలోనే గుడ్డ అంగీకి మార్చేసింది. అందుకని వినైల్ అంగీ జావా అరుదైపోయింది. దాంతో వేరే బొమ్మ అంగీని కత్తిరించి తొడిగి అమ్మేవాళ్ళు పుట్టుకొచ్చారు. కత్తిరించిన అంచుకూ అచ్చులోంచి వచ్చిన అంచుకూ తేడాను భూతద్దంతో చూడాలి. 1979 నాటి బోబా ఫెట్ అనే మరో స్టార్ వార్స్ బొమ్మ సంగతీ వినండి. వీపు మీది రాకెట్టు ఎగిరేలా చేస్తామని ముందు ప్రకటించారు. ఆ రోజుల్లోనే మరో బొమ్మ నుంచి ఎగిరిన చిన్న ముక్క ఒక పసివాడి గొంతులో అడ్డుపడి ప్రమాదం జరగడంతో, రాకెట్టును కదలకుండా అతికించి పంపారు. ఎగిరే రాకెట్టుతో మిగిలిన నమూనాలు కొన్నే. సేకరించేవాళ్ళు కళ్ళకద్దుకునేవి అవే. మీ ఇంట్లో మూడేళ్ళలోపు పిల్లలుంటే బొమ్మల తుపాకులు, మార్చి తొడిగే చేతుల ముక్కలు వాళ్ళకు అందకుండా మూతపెట్టెలో ఉంచండి.

ఇక మామయ్యకు బొమ్మలెందుకంటారా? ఒక మనిషి లేచి నిలబడటం, తల వంచడం, పిడికిలి బిగించడం, ఇదంతా అరచేతిలో పట్టే ప్లాస్టిక్కులో ఎలా కుదిర్చారని చూస్తూ కూర్చుంటే పొద్దు తెలియదు. మోకాలికి రెండు కీళ్ళుంటే మడమ తొడను తాకుతుంది, ఒకటే ఉంటే సగంలో ఆగిపోతుంది. ఈ సంగతి కనిపెట్టినవాడికి మన సొంత మోకాలి మీద కూడా గౌరవం పుడుతుంది.

మీ దగ్గర ఏ చిన్న బొమ్మ ఉన్నా దీపం కింద పెట్టి చూడండి. రెండు అచ్చులు కలిసిన చోట తల నుంచి పక్కగా దిగే సన్నని గీత దొరుకుతుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. తర్వాత మోకాలి పిన్ను కోసం వెతకండి. కాలి రంగులోనే ఉందా, వేరే రంగులో ఉందా? ఈమధ్య పిన్ను బయటికి కనిపించని మోకాళ్ళు కూడా వస్తున్నాయి. అలాంటిది దొరికితే విప్పకండి. మడిచి, చాపి, వెలుతురుకు పట్టి, లోపల ఎలా కూర్చుని ఉంటుందో ఆలోచించి, కాగితం మీద పెన్సిలుతో గీసి నాకు పంపండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య