కుండకు పెచ్చు ఎందుకు లేస్తుంది?

కడపలో ఆదివారం పూట కుండల పని నేర్పే తరగతి ఒకటి ఉంది. పదో తరగతి పిల్లలు, ఉద్యోగస్తులు, రిటైరైనవాళ్ళు అందరూ ఒకే బెంచీ మీద మట్టి పిసుకుతుంటారు. అక్కడ నేర్చుకుంటున్న ఒకామె నన్నడిగింది: "సార్, బట్టీలో పగల్లేదు, బయటికి తీసినప్పుడూ పగల్లేదు. టీవీ పక్కన ఊరికే పెట్టిన గిన్నెకు వారం తిరిగేసరికి పెచ్చు ఎట్ల లేసింది? మా అత్త దిష్టి తగిలిందంటాంది."

సారె మీద మట్టిని నడిమికి ఎలా తేవాలి, అంచు ఎలా లాగాలి అన్నవి చేతికి అలవాటు కావలసిన పనులు. చదివితే రావు కాబట్టి వదిలేద్దాం. ఈ పెచ్చు సంగతి మాత్రం నన్ను నిద్రపోనివ్వని రకం. 900 డిగ్రీలు దాటిన మంటను తట్టుకున్న గిన్నె గదిలోని గాలికి ఓడిపోవడమేమిటి?

పెచ్చు ఊడిన చోట చూడండి. గరాటులాంటి చిన్న గుంట, దాని అడుగున తెల్లటి చుక్క కనిపిస్తాయి. ఆ చుక్క సున్నం. మట్టిలో కలిసి వచ్చిన సున్నపురాయి గింజ, అంటే కాల్షియం కార్బొనేట్, బట్టీలో సుమారు 700 నుంచి 900 డిగ్రీల మధ్య విడిపోతుంది. 100 గ్రాముల రాయిలో 44 గ్రాములు కార్బన్ డయాక్సైడ్‌గా ఎగిరిపోయి 56 గ్రాముల కాల్చిన సున్నం మిగులుతుంది. పండక్కి గోడలకు వెల్ల వేసే ముందు డ్రమ్ములో రాతిసున్నం మీద నీళ్ళు పోస్తే కుతకుతలాడి పొంగడం చూశారు కదా? గిన్నె గోడలోనూ అచ్చం అదే జరుగుతుంది. కాకపోతే అక్కడ నీళ్ళు పోసేది గాలిలోని తేమ. అది మట్టి రంధ్రాల గుండా మెల్లగా లోపలికి పాకాలి. వారం పట్టేది అందుకే. పైపైన ఉన్న గింజ ముందు పేలుతుంది. వానాకాలంలో ఇంకా తొందర.

ఇక లెక్క. ఒక మోల్ కాల్చిన సున్నం, అంటే పైన చెప్పిన ఆ 56 గ్రాములు, దాదాపు 17 ఘన సెంటీమీటర్లుంటుంది. నీరు చేరి కాల్షియం హైడ్రాక్సైడ్ అయ్యాక 33. అంటే దాదాపు రెండింతలు. ఇక్కడ తెలివైన పిల్లవాడు చెయ్యెత్తుతాడు: "మొదట ఉన్న సున్నపురాయి 37 కదా సార్, 33కి చోటు చాలదా?" నిజమే. గింజ కాలాక బయటి కొలత పెద్దగా తగ్గదు, లోపల బోలుగా మారుతుంది. ఆ బోలులోనే హైడ్రాక్సైడ్ బుద్ధిగా సర్దుకుంటే గొడవే లేదు. కానీ కొత్త స్ఫటికాలు ఖాళీ వెతుక్కుని పేర్చుకోవు. పుట్టిన చోటే ఒకదాన్నొకటి నెట్టుకుంటూ పెరుగుతాయి. వాటి మధ్య సందులు మిగులుతాయి, మొత్తం పొడి ఉబ్బుతుంది. చుట్టూ ఉన్న మట్టి అప్పటికే గట్టిపడింది, సాగదు. అదిమితే ఓర్చుకునే మట్టి లాగితే ఓర్చుకోదు, పలచగా ఉన్న వైపు పెచ్చు లేస్తుంది. మందుగుండు లేకుండా గ్రానైటు బండల్ని చీల్చడానికి రంధ్రాల్లో పోసే పొడిలో ముఖ్యమైన సరుకూ ఈ కాల్చిన సున్నమే. బండనే చీల్చేదానికి గిన్నె ఒక లెక్కా!

పాఠ్యపుస్తకంలో సున్నం నీళ్ళతో కలిసే ఈ చర్యను ఉష్ణమోచక చర్యకు, అంటే వేడిని వెలువరించే చర్యకు, ఉదాహరణగా చెప్పి బీకరు దగ్గరే ఆపేస్తాం. కడప జిల్లాలో పాఠం చెబుతూ ఇక్కడి మట్టి దాకా రాకపోవడం నాకు అన్యాయమనిపిస్తుంది. మన కాళ్ళ కిందంతా సున్నపురాయే. వంటింటి గట్టు మీద పరిచే నల్ల కడపబండ సున్నపురాయి కాబట్టే నిమ్మరసం ఒలికితే నునుపు పోయి మచ్చ పడుతుంది. వేంపల్లె పేరుతో భూగర్భ శాస్త్రవేత్తలు పిలిచే డోలమైటు (సున్నపురాయికి దగ్గరి చుట్టం) పొరల వయసు 180 కోట్ల ఏళ్ళ పైమాటే. నల్లరేగడిలో తెల్లటి సుద్దగడ్డలు రైతుకు కొత్త కాదు. వాటి మీదుగా పారిన నీరు చెరువులోకి మోసుకొచ్చిన మట్టినే మనం సారె మీద పెడతాం.

ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలకూ ఇదే భయం. సిమెంటులో కలవకుండా మిగిలిన సున్నం తర్వాతెప్పుడో ఉబ్బి గోడను చీల్చవచ్చు. అందుకే లె షాటెలియే పరీక్ష చేస్తారు. 30 మిల్లీమీటర్ల ఇత్తడి గొట్టానికి నిలువునా ఒక చీలిక, దానికి అటూ ఇటూ రెండు పొడవాటి సూదులు ఉంటాయి. గొట్టంలో సిమెంటు ముద్ద నింపి, గట్టిపడ్డాక నీళ్ళలో మరిగిస్తారు. సూదుల కొసల మధ్య ఎడం 10 మిల్లీమీటర్లకు మించి పెరిగితే ఆ సిమెంటు పనికిరాదు.

మరి ఊళ్ళో కుమ్మరి చేసిన కుండకు ఈ జబ్బు ఎందుకు తక్కువ? ఒకటి, ఆయన మట్టిని తొక్కేటప్పుడు కాలికి తగిలిన ప్రతి గులకనూ ఏరేస్తాడు. రెండు, ఆవంలో చాలా కుండలు 700, 800 డిగ్రీల దగ్గరే ఆగుతాయి. ఆ వేడిలో సున్నపురాయి చాలావరకు రాయిగానే ఉండిపోతుంది. తరగతిలోని కరెంటు బట్టీ మాత్రం 950 దాటి నిలకడగా కాలుస్తుంది, గింజ పూర్తిగా సున్నమైపోతుంది. మంచి పనిముట్టు తెచ్చిన కొత్త తంటా ఇది.

గింజ సైజే అసలు సంగతి. పిండిలా మెత్తటి సున్నం హాని చేయదు. ఎక్కువ వేడిలో మట్టిలోని సిలికాతో, అల్యూమినాతో కలిసి సిలికేట్లుగా మారిపోతుంది, ఎర్రగా రావలసిన కుండకు లేత పసుపు రంగు తెస్తుంది. కాబట్టి మట్టిని నీళ్ళలో జారుగా కలిపి పావు మిల్లీమీటరు కన్నాల జల్లెడ పట్టండి. అంతకుముందు ఎండిన గడ్డ మీద వెనిగర్ చుక్క వేస్తే, బుస్సుమన్న చోట సున్నం ఉన్నట్టే. కొన్ని దేశాల్లో గవ్వల పొడి కలిపి కుండలు చేసే కుమ్మరులు మట్టిలో ఉప్పు కూడా కలిపేవారు. ఉప్పు ఉంటే అదే వేడిలో పెచ్చులు తగ్గుతాయి.

ఇప్పటికే కాల్చేసిన గిన్నెలుంటే, బట్టీలోంచి గోరువెచ్చగా తీసినవి తీసినట్టే నీళ్ళతొట్టిలో నిండా ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచండి. పుష్కలంగా నీరు దొరికితే సున్నం ఒక్కసారిగా మెత్తటి ముద్దయి రంధ్రాల్లోకి సర్దుకుంటుంది. బాగా ఆరాకే గ్లేజు, అంటే గాజులాంటి పైపూత, పూయాలి. పెద్ద గులక ఉన్న గిన్నెను ఇదీ కాపాడలేదు, తొట్టిలోనే టప్పుమంటుంది. గ్లేజు ఖర్చయినా మిగులుతుంది.