ఫ్రెంచ్ బరోక్ ఒపేరా పునరుద్ధరణ: అపోహలు – వాస్తవాలు

పదిహేడో శతాబ్దపు ఫ్రాన్సులో ‘తాయ్’ అని పిలిచిన ఒక రకం వయోలాను (వయొలిన్ కంటే కొంత పెద్దదైన తంత్రీవాయిద్యాన్ని) నేను వాయిస్తాను. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల, అంటే బరోక్ కాలపు ఫ్రెంచ్ స్వరకర్తలు లుల్లి, షార్పాంతియే, రామోల ఒపేరాలను (సంగీత నాటకాలను) వారి కాలపు వాయిద్యాలతో, వారి కాలపు అలవాట్లతో మళ్లీ వినిపించే వాద్యబృందాలలో పనిచేయడం నా వృత్తి. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు సంగీతం నేర్చిన మిత్రులు అడిగే ప్రశ్నలలోనూ, యూరప్‌లో కచేరీ ముగిశాక శ్రోతలు అడిగే ప్రశ్నలలోనూ కొన్ని అపోహలు పదేపదే ఎదురవుతుంటాయి. వాటికి నా అనుభవం మేరకు ఇక్కడ సమాధానం రాస్తున్నాను.

అపోహ: స్వరలిపిలో ఉన్నది ఉన్నట్టు వాయిస్తే పాత సంగీతం తిరిగి వచ్చినట్టే.

వాస్తవం: ఉన్నది ఉన్నట్టు వాయిస్తే ఫ్రెంచ్ సంగీతం చేజారిపోతుంది. ఇది మా తరం కనిపెట్టిన మాట కాదు. తాము రాసేదొకటి, వాయించేదొకటి అని, పరదేశీయులు తమ సంగీతాన్ని సరిగా వాయించలేకపోవడానికి అదే కారణమని స్వరకర్త ఫ్రాన్స్వా కూపెరాన్ 1716లో హార్ప్సికార్డ్ (పియానోకు ముందటి మీటల తంత్రీవాయిద్యం) వాదనపై ప్రచురించిన గ్రంథంలోనే చెప్పాడు. ఒకదాని పక్కన ఒకటిగా మెట్లు ఎక్కుతూ దిగుతూ నడిచే చిన్న స్వరాలు కాగితం మీద సమానంగా కనిపిస్తాయి. వాయించేటప్పుడు మాత్రం ప్రతి జంటలో మొదటిది కొంత సాగి, రెండోది ఆ మేరకు కుదించుకుపోవాలి. ఎంత సాగాలన్నది అంకెలలో చెప్పడం కుదరదు. అది నాట్యం ఏదో, నడక ఎంత వేగమో, ఆ చోట భావం ఏమిటో చూసి తేల్చుకోవలసిన విషయం. అలాగే ఒపేరా ప్రతులలో స్వరం మీద చాలాచోట్ల ఒక చిన్న కూడిక గుర్తు తప్ప మరేమీ ఉండదు. అక్కడ ఏ అలంకారం, ఎంత నెమ్మదిగా మొదలుపెట్టి ఎలా ముగించాలన్నది గాయకుడి విద్వత్తు.

కర్ణాటక సంగీతం తెలిసిన వారికి దీన్ని వివరించడం నాకు ఎప్పుడూ కష్టం కాలేదు. గమకం తీసేసి స్వరస్థానాలను మాత్రమే పలికిస్తే తోడి తోడిగా వినిపించదు కదా! సుబ్బరామ దీక్షితులు 1904లో తెలుగులో వెలువరించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో గమకాలకు గుర్తులు ఏర్పరచి వివరించినట్టే, దాంగ్లెబేర్ అనే హార్ప్సికార్డ్ విద్వాంసుడు 1689లో తన రచనలకు ముందు అలంకారాల పట్టిక ఒకటి అచ్చువేయించాడు. అయితే మనకు గురుముఖంగా వచ్చిన విద్య తెగిపోలేదు, అక్కడ తెగిపోయింది. 1770ల తర్వాత లుల్లి ఒపేరాలు పారిస్ వేదిక మీది నుంచి తప్పుకున్నాయి. వాటిని నోటిపాఠంగా అందించే వారు మిగల్లేదు. కాబట్టి మేము పుస్తకాలను గురువులుగా పెట్టుకోవలసి వచ్చింది. పారిస్‌లో చదువుకున్న గియోర్గ్ ముఫాట్ 1698లో లుల్లి బృందం కమాను నడిపే పద్ధతిని వివరంగా రాశాడు: వీలైనంతవరకు ప్రతి తాళవిభాగపు మొదటి స్వరానికి కమాను కిందికి రావాలి. ఈ ఒక్క నియమం పాటించేసరికి అదే గత్తు నాట్యమాడడం మొదలుపెడుతుంది. విద్యార్థిగా మొదటిసారి అది నా చేతిలో జరిగినప్పుడు కలిగిన ఆశ్చర్యం ఇంకా తగ్గలేదు.

అపోహ: పాటల మధ్య వచ్చే సాగదీత సంభాషణ కేవలం కథ నడపడానికే, దాన్ని కుదించినా నష్టం లేదు.

వాస్తవం: ఆ సంభాషణే ఈ ఒపేరాకు ప్రాణం. ఫ్రెంచ్‌లో రెసితాతిఫ్ అనే, మాటలా పాడే ఈ భాగంలో లుల్లి ఒపేరాలకు కవిత్వం రాసిన కినో పద్యపాదాలు కొన్ని పన్నెండు అక్షరాలు, కొన్ని ఎనిమిది, మరికొన్ని ఆరు అక్షరాలతో పొడవు మారుతూ నడుస్తాయి. వాటి ఊనిక సరైన మాట మీద, పాదాంత ప్రాస మీద పడడానికి లుల్లి తాళాన్ని నాలుగు నుంచి మూడుకు, మూడు నుంచి రెండుకు ఒక్కొక్క పంక్తిలోనే మారుస్తూ పోతాడు. గాయని ఊపిరి తీసుకోవడాన్ని చూసి, ఆమె మాట ఎటు వంగుతుందో ముందే పసిగట్టి, హార్ప్సికార్డ్, థియోర్బో (పొడవాటి మెడ ఉన్న మీటే వాయిద్యం), వియోల్ (కమానుతో వాయించే తంత్రీవాయిద్యం) వాయించే కొద్దిమంది ఆమెతో కలిసి నడుస్తారు. మంద్రస్వరం మీద వారు వేసే స్వరసమూహాలు పూర్తిగా రాసి ఉండవు. చాలావరకు అప్పటికప్పుడు కల్పించుకోవలసిందే.

అందుకే మంచి నిర్వాహకుల దగ్గర రిహార్సల్ మొదటి రోజుల్లో వాయిద్యం పెట్టె తెరవము. గాయకులు బల్ల చుట్టూ కూర్చుని కవిత్వాన్ని నాటకంలా బిగ్గరగా చదువుతారు. కొన్ని ప్రదర్శనలలో నాటి ఉచ్చారణను కూడా పునరుద్ధరిస్తారు. నేడు ‘ర్వా’ అని పలికే ‘రాజు’ అనే మాటను అప్పటి ‘ర్వే’గా పలుకుతారు. ఇది అన్నిచోట్లా తప్పనిసరి అని నేను అనను. మాట అర్థం కాకుండా స్వరం మాత్రం అందంగా మోగే ప్రదర్శన మాత్రం, ఎన్ని పాత వాయిద్యాలు వాడినా, నా దృష్టిలో విఫలమైనట్టే.

అపోహ: బరోక్ శ్రుతి అంటే 415 హెర్ట్జ్.

వాస్తవం: వాద్యబృందం శ్రుతి కలుపుకునే ఆధార స్వరానికి సెకనుకు ఎన్ని కంపనాలో ఈ అంకె చెబుతుంది. 415 నేటి 440కి సరిగ్గా అరస్వరం కింద ఉండే ఆధునిక ఒప్పందం. నిలిచి ఉన్న నాటి ఊదుడు వాయిద్యాలను బట్టి చూస్తే లుల్లి కాలపు పారిస్ ఒపేరా శ్రుతి 392 దగ్గర, అంటే నేటికంటే దాదాపు ఒక పూర్ణస్వరం కింద ఉండేది. ఇది పండితుల పట్టింపు అనుకునేవారికి ఒక అనుభవం చెబుతాను. ఒకచోట మేము నెల రోజులు 392లో సాధన చేసి వెళితే, అక్కడ ఏర్పాటు చేసిన హార్ప్సికార్డ్ 415కంటే కిందికి దిగలేదు. మార్చడానికి సమయమూ లేదు. మా తీగలు జంతువుల పేగులతో చేసినవి కనుక బిగించేసరికి రెండు తెగిపోయాయి. అంతకంటే బాధ కలిగించినది గాయకుల స్థితి. ముందురోజు దాకా సంభాషణలా తేలికగా పలికిన పంక్తులు ఆ రాత్రి కేకలయ్యాయి.

అపోహ: ఓత్‌కోంత్ర్ అంటే దొంగగొంతుతో పాడే పురుషుడు, లేదా నపుంసక గాయకుడు.

వాస్తవం: కాదు. అది సహజకంఠంతో పైస్థాయికి తేలికగా వెళ్లే పురుషస్వరం. ఇటలీ నపుంసక గాయకులు ఫ్రాన్సు రాజు ప్రార్థనాలయంలో పాడారు గాని, ఫ్రెంచ్ ఒపేరా నాయకపాత్రలు వారివి కావు. రామో ఒపేరా ‘ప్లాతే’ 1745లో వెర్సాయ్‌లో ప్రదర్శించినప్పుడు జలకన్య పాత్ర ధరించినవాడు నాటి ప్రఖ్యాత ఓత్‌కోంత్ర్ పియేర్ జెలియోత్.

అపోహ: మధ్య వాయిద్యాలు ఖాళీ నింపడానికే.

వాస్తవం: దీని మీద నేను తటస్థంగా ఉండలేను. లుల్లి పైస్వరమూ మంద్రమూ తాను రాసి, మధ్య భాగాలను సహాయకులకు వదిలేవాడని పద్దెనిమిదో శతాబ్దపు తొలి ఏళ్లలోనే ఒక రచయిత పేర్కొన్నాడు. ఈ చిన్నచూపుకు మూలం బహుశా అదే. కానీ ఫ్రెంచ్ వాద్యబృందపు రంగు ఉన్నది ఆ మధ్యలోనే. రాజుగారి 24 వయొలిన్ల బృందాన్ని నాటి పండితుడు మెర్సెన్ 1636లో వివరించాడు: పైన ఆరు, కింద ఆరు, మధ్యలో ఓత్‌కోంత్ర్ (ఇక్కడ ఇది గొంతు కాదు, వాయిద్యం పేరు), తాయ్, కాంత్ అనే మూడు భాగాలకు నాలుగేసి చొప్పున పన్నెండు. అంటే సగం బృందం మధ్యలోనే ఉంది. ఆ మూడూ నేటి వయోలా శ్రుతిలోనే ఉంటాయి, పరిమాణం మాత్రం వేరు. చాలాకాలం మేము అన్నింటికీ ఒకే కొలత వయోలా వాడాము. 1987లో స్థాపించిన వెర్సాయ్ బరోక్ సంగీత కేంద్రం తర్వాతి కాలంలో ఈ మూడు కొలతల వాయిద్యాలను మళ్లీ తయారు చేయించింది. పెద్దదైన కాంత్‌ను భుజం మీద మోయడం కష్టమే, కానీ ఆ ముదురు, పొగమంచు లాంటి నాదాన్ని మామూలు వయోలా ఇవ్వలేదు. లుల్లి ఒపేరా ‘ఆతిస్’ మూడో అంకంలోని నిద్ర ఘట్టంలో వేణువుల కింద ఆ నాదం పరుచుకున్నప్పుడు సభలో కదలిక ఆగిపోవడం చాలాసార్లు గమనించాను.

అపోహ: చారిత్రక పద్ధతి అంటే వేదిక మీద కూడా అంతా నాటిదే ఉండాలి.

వాస్తవం: ఈ ఉద్యమానికి పెద్ద ఊపునిచ్చిన ‘ఆతిస్’ ప్రదర్శనే అలా లేదు. లుల్లి మరణించి 300 ఏళ్లయిన 1987లో సంగీత నిర్వాహకుడు విలియం క్రిస్టీ, ఆయన 1979లో స్థాపించిన లెజార్ ఫ్లోరిస్సాన్ బృందం పారిస్‌లో దాన్ని వినిపించినప్పుడు, రంగస్థల దర్శకుడు విల్లెజియే ఆ ఒపేరా తొలిసారి ప్రదర్శించిన 1676 నాటి యంత్రాలను, మారే దృశ్యాలను వదిలేసి, కథనంతా రాజాస్థానంలోని ఒకే గదిలో నడిపాడు. సంగీతం, మాట, ఫ్రాన్సీన్ లాంస్లో పాత నాట్యలిపిని చదివి తీర్చిన నాట్యం మాత్రం నాటి విద్యను ఆశ్రయించాయి. 2008లో సంగీత నిర్వాహకుడు వెంసాన్ ద్యూమెస్త్ర్, రంగస్థల దర్శకుడు బెంజమాన్ లాజార్‌లు లుల్లి తొలి ఒపేరా విషాదకావ్యాన్ని కొవ్వొత్తుల వెలుగులో, నాటి హస్తవిన్యాసాలతో ప్రదర్శించారు. 2019లో రామో ‘లేజాంద్ గాలాంత్’ పారిస్‌లో క్రంప్ (నేటి వీధి నాట్యశైలి) నర్తకులతో వేదిక ఎక్కింది. మూడూ నాకు గౌరవనీయమైనవే. వేదిక దర్శకుడి స్వేచ్ఛ. పద్యం నడక మాత్రం ఎవరి స్వేచ్ఛా కాదు.

అపోహ: దొరకవలసినవన్నీ ఇప్పటికే దొరికాయి.

వాస్తవం: సంపూర్ణ రామో రచనల ప్రచురణ స్వరకర్త సాం-సాన్స్ పర్యవేక్షణలో 1895లోనే మొదలైంది, రామో ఒపేరా ‘ఇపొలిత్ ఎ అరిసీ’ 1908లో పారిస్ ఒపేరాకు తిరిగి వచ్చింది. అయినా రామో చివరి ఒపేరా ‘లె బొరెయాద్’ చేతిరాతలోనే ఉండిపోయింది. 1763లో దాని రిహార్సల్స్ జరిగాయి, ప్రదర్శన జరగలేదు. మరుసటి ఏడాది రామో కన్నుమూశాడు. 1975లో సంగీత నిర్వాహకుడు జాన్ ఎలియట్ గార్డినర్ దాన్ని లండన్‌లో కచేరీగా వినిపించాడు, వేదిక మీదికి 1982లో ఫ్రాన్సులోని ఎక్సాన్ ప్రోవాన్స్ నగరంలో వచ్చింది. అందులో మూడో అంకం చివర లేచిన తుఫాను విరామంలోనూ ఆగకుండా నాలుగో అంకంలోకి దూసుకుపోతుంది. నా వాయిద్యానికి అక్కడ రాసినవి ఎడతెగని పరుగు స్వరాలు, అవి వాయించే ప్రతిసారీ ఎనభై ఏళ్ల వయసులో దీన్ని రాసిన మనిషి ఒక్కసారైనా వేదిక మీద వినలేదన్న సంగతి గుర్తుకొస్తుంది.