తెల్ల దుప్పటి ఫోటోలో ఎందుకు మాసిపోయింది?

హనుమకొండ

ప్రియమైన పిల్లలూ,

బతుకమ్మ పండుగ దగ్గరపడుతోంది. మీలో ఒకమ్మాయి, వాళ్లమ్మ అమ్మకానికి తెచ్చిన పెంబర్తి ఇత్తడి పళ్లేలకు, వరంగల్ కొత్తవాడలో నేసిన దర్రీలకు (నేల మీద పరిచే జంపఖానాలకు) ఫోనులో ఫోటోలు తీస్తూ నన్నడిగింది: "తాతయ్యా, ఉతికిన తెల్ల దుప్పటి మీద పెట్టే తీశాను. పగలు బూడిద రంగు, రాత్రి పసుపు రంగు వస్తోంది. కొత్త గుడ్డ కొనాలా?"

కొనవద్దు తల్లీ. ముందు అన్నం సంగతి విను.

తెల్లన్నానికి తనదంటూ పెద్ద రుచి ఉండదు. ఏది కలిపితే ఆ రుచి పట్టుకుంటుంది. ఒక మూల పచ్చిపులుసు పోస్తే కంచమంతా పాకుతుంది. తెల్ల గుడ్డా అంతే. ఆకుపచ్చ తలుపు పక్కన పరిస్తే ఆ పచ్చదనం తాగుతుంది. ఎర్ర దర్రీ పెడితే దాని చుట్టూ తెలుపు కాస్త గులాబీ రంగుకు తిరుగుతుంది. పసుపు బల్బు వేశారా, పప్పు కలిపినట్టే. పప్పూ పులుసూ ఒకేసారి పోసుకోము కదా, కిటికీ వెలుగులో తీసేటప్పుడు బల్బు కూడా ఆర్పేయండి. ఇక గంజి సరిగా వార్చని అన్నం నిగనిగలాడుతుంది. నున్నటి కాగితం, సన్‌మైకా పలక అలాంటివి. కిటికీ ప్రతిబింబం వాటి మీద తెట్టు కట్టినట్టు కనిపిస్తుంది. పొడిపొడిగా వార్చిన అన్నం లాంటిది మెరుపు లేని చార్టు కాగితం. అదే తెచ్చుకోండి. దుప్పటి ముడతలంటారా, అన్నంలో రాళ్లు. ఒక్కటున్నా చాలు, ధ్యాసంతా దానిమీదే.

చార్టు పై అంచును గోడకు అంటించి, కింది భాగాన్ని బల్ల మీదికి వంపుగా జారనివ్వండి. గోడా బల్లా కలిసే గీత మాయమవుతుంది. వస్తువును వెనుక కాగితానికి ఆనించకుండా జానెడు ముందుకు పెట్టండి. ఉత్తరపు కిటికీ ఉంటే మరీ మంచిది. బతుకమ్మ రోజులకు సూర్యుడు దక్షిణానికి ఒరుగుతాడు కనుక అటు నుంచి ఎండ నేరుగా పడదు, మెత్తని వెలుగే వస్తుంది.

బూడిద రంగుకు కారణం వేరు. కెమెరా తన ముందున్న దాన్నంతా కలిపి, పడిన వెలుగులో సుమారు 18 శాతం తిప్పి పంపే మధ్యరకం బూడిద రంగుగా లెక్కవేసుకుంటుంది. తెల్ల కాగితం అంతకు నాలుగింతలకు మించి పంపుతుంది. ఇంత వెలుగు ఎక్కువే అనుకుని కెమెరా తగ్గించేస్తుంది. తెర మీద వస్తువును తాకితే చాలా ఫోన్లలో చిన్న సూర్యుడి బొమ్మ వస్తుంది, దాన్ని కొద్దిగా పైకి జరపండి. పళ్లెం అంచు తెలుపులో కలిసిపోయే ముందే ఆగండి.

ఇత్తడి అద్దం లాంటిదే, మీ ఎర్ర చొక్కా కూడా అందులో కనబడుతుంది. లేతరంగు బట్టలు వేసుకోండి. కిటికీకి ఎదురువైపు ఇంకో తెల్ల కాగితం పట్టుకుంటే పళ్లెం చీకటి పక్క కూడా తేటపడుతుంది.

మా చిన్నప్పుడు నాన్న పంచెలను అమ్మ ఉతికాక నీలిమందు కలిపిన నీళ్లలో ముంచేది. బకెట్టుకు కొన్ని చుక్కలే. తెల్ల పంచెకు నీలం ఎందుకని అడిగితే, ఆరనిచ్చి చూడమనేది. వాడగా వాడగా గుడ్డకు పట్టిన పసుపును ఆ నీలం అణచేది, పంచె మల్లెపువ్వులా ఉండేది. ఎక్కువైతే మాత్రం నీలపు మరకలు పడేవి, అందుకే ఆ పని మా చేతికి ఇచ్చేది కాదు. ఇప్పటి కాగితాల్లో, సబ్బుపొడుల్లో తెల్లదనం పెంచే మందులు కలుపుతారు. అవి కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలను పీల్చి నీలపు వెలుగుగా వదులుతాయి. అందుకే దుకాణంలో ఒకేలా కనిపించిన రెండు తెల్ల కాగితాలు కిటికీ దగ్గర వేరువేరుగా ఉంటాయి. మీ నోటుపుస్తకం, చార్టు, దుప్పటి, పాత పత్రిక అంచు పక్కపక్కన పెట్టి చూడండి. ఎన్ని తెలుపులో!

ఇంత పట్టింపు ఎందుకంటారా? వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు, అంటే ఇది ఫలానా ప్రాంతపు సరుకేనని చెప్పే గుర్తింపు, వచ్చింది. ఎక్కడో దూరాన ఉన్నవారు ఆ పేరు నమ్మి, ఫోటో ఒక్కటే చూసి డబ్బు పంపుతారు. వెనుక తెలుపు సరిగ్గా ఉంటేనే ముందున్న ఎరుపు సరిగ్గా కనబడుతుంది. నేతన్న అద్దిన రంగు ఒకటి, మనం చూపిన రంగు ఒకటి కాకూడదు.

మరి బల్బు కింద ఫోటోలో పసుపైన కాగితం మన కంటికి తెల్లగానే ఎందుకుంటుంది? ఇది చదవడం కన్నా చూస్తేనే బాగుంటుంది. ఈ సాయంత్రం పొద్దుగూకుతుండగా వాకిట్లో నిలబడి, పసుపు బల్బు వెలిగే గదిలోకి చూడండి. గోడలన్నీ నారింజ రంగు. లోపలికి వెళ్లి కాసేపు కూర్చోండి. అవే గోడలు తెల్లబడతాయి! గోడ మారలేదు, బల్బూ మారలేదు. ఏం మారిందో ఆలోచించి నాకు రాయండి.

చార్టు కొన్నాక చుట్టగా చుట్టించి తెండి. మడిచి తెస్తే ఆ గీత ప్రతి ఫోటోలోనూ పడుతుంది.

ఆశీస్సులతో,
మీ తాతయ్య